కుండీలో బూజు: మట్టికి మేలా, మొక్కకు ఎసరా

శ్రావణంలో ముసురు పట్టి మూడు రోజులైతే కోనసీమలో ఏ ఇంటి వసారాలో చూసినా కుండీల మీద ఏదో ఒక బూజు కనిపిస్తుంది. కిందటేడు మా కరివేపాకు కుండీలో, కాండానికి రెండు వేళ్ళ ఎడంగా, రాత్రికి రాత్రి దూదిపింజ విదిల్చినట్టు తెల్లని నూగు లేచింది. వంగి చూస్తే అది సన్నని దారాల వల. ఊదితే అటూ ఇటూ ఊగింది; పుల్లతో కదిపితే తొలకరి మట్టి వాసనే వచ్చింది గాని కుళ్ళు వాసన రాలేదు. పక్కింటి పిన్నిగారు చూసి, "మట్టికి తెగులు పట్టిందమ్మా, పారబోసెయ్. లేకపోతే మిగతా కుండీలకీ పాకుతుంది" అన్నారు. అదే వారంలో ఆవిడ మల్లె మొక్క వాడిపోవడం మొదలుపెట్టింది. నీళ్ళు చాలడం లేదేమోనని రోజుకు రెండుసార్లు పోశారు. నాలుగో రోజుకు మొక్క తల వాల్చేసింది. మొదలు దగ్గర ఆకులు తొలగించి చూస్తే అక్కడా తెల్ల బూజే ఉంది.

రెండు కుండీలలోనూ కంటికి ఆనింది తెల్ల బూజే. ఒకటి మొక్క జోలికే పోలేదు, మరొకటి మొక్కను మొదలు దగ్గరే తెంపేసింది. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిచి ఒకే మందు పోయడం వల్లే మన పెరటి కుండీలలో సగం నష్టం జరుగుతోందని నా నమ్మకం. కాబట్టి బూజు కనిపించిన వెంటనే మందు డబ్బా వెతకడానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ బూజు తింటున్నది చచ్చినదాన్నా, బతికినదాన్నా?

మట్టిలో ఉండే శిలీంధ్రాలలో, అంటే బూజు జాతి జీవులలో, అత్యధిక భాగం చచ్చిన పదార్థం మీద బతికేవి. రాలిన ఆకు, పేడలోని గడ్డి పోచ, కొబ్బరి పొట్టు, ఎండిన వేరు ముక్క వాటికి ఆహారం. ఆ పదార్థాన్ని విడగొట్టి, అందులో బంధించి ఉన్న నత్రజనినీ భాస్వరాన్నీ మొక్కలకు అందేటట్లు చేసేది ఇవే. మనం మాగిన ఎరువు అని మెచ్చుకునే నల్లని, పొడిపొడిగా రాలే పదార్థం చాలావరకు బాక్టీరియా, శిలీంధ్రాల చేతి పనే. అవి మామూలుగా మట్టి లోపల, కంటికి కనపడనంత సన్నని తంతువుల రూపంలో ఉంటాయి. తిండి ఎక్కువగా దొరికి, పైపొర ఆరకుండా తడిగా ఉండి, గాలి కదలకుండా ఉన్నప్పుడు ఆ తంతువులు ఒత్తుగా పెరిగి పైకి తేలుతాయి. అంటే పైన కనిపించే బూజు కొత్తగా వచ్చి పడిన శత్రువు కాదు. కుండీలో ఎప్పటినుంచో ఉన్నదే, అనుకూలమైన కాలం రాగానే బయటపడింది.

ఆ అనుకూలత గోదావరి డెల్టాలో ఉన్నంతగా మరెక్కడా ఉండదేమో అనిపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఇక్కడ ఊరూరా కాలువ, చేను చేనుకూ బోదె. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన, చుట్టూ నీళ్ళు నిలిచిన వరి మళ్ళు, పక్కన సముద్రం. జూన్ నుంచి నవంబరు దాకా గాలిలో చెమ్మ తగ్గదు, చాలా రోజులు ఉష్ణోగ్రత 25 నుంచి 32 డిగ్రీల మధ్య తిరుగుతూ ఉంటుంది. చాలా శిలీంధ్రాలకు అంతకంటే హాయైన వాతావరణం లేదు. దీనికి తోడు మన కుండీలలో మనం పోసే తిండి.

ఆ తిండిలో మొదటిది కొబ్బరి పొట్టు. అంబాజీపేట, అమలాపురం ప్రాంతాలలో పీచు తీసే చోట్ల పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. కడియం, కడియపులంక నర్సరీలలో అదే పొట్టు లేని కవరు అరుదు. తేలికగా ఉంటుంది, తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది, చవక. అయితే పచ్చి పొట్టులో కర్బనం నత్రజనికి సుమారు 110 రెట్లు ఉంటుంది. దాన్ని అలాగే కుండీలో కలిపితే శిలీంధ్రాలకు తినడానికి కర్బనం పుష్కలంగా దొరుకుతుంది గాని, ఆ తిండి అరిగించుకోవడానికి కావలసిన నత్రజని అందులో లేదు. అప్పుడవి మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి. పైన తెల్లగా బూజు, మొక్క కింది ఆకులు పసుపు. చూసినవారు బూజు మొక్కను చంపుతోందని అనుకుంటారు. నిజానికి మొక్క ఆకలితో ఉంది, కూడు ముందు బూజు తినేస్తోంది. ఇటువంటి కుండీకి కావలసింది కాస్త మాగిన ఎరువో, వేపపిండో, నత్రజని ఉన్న మరేదైనా పోషణో. శిలీంధ్రనాశిని పోస్తే ఆకలి తీరదు.

రెండో తిండి సరిగ్గా మాగని పేడ. పైకి ఎండి గట్టిగా ఉన్నంత మాత్రాన పేడ మాగినట్టు కాదు. పిడక విరిచి చూస్తే లోపల గడ్డి పోచలు పోచలుగానే కనిపిస్తూ, తడిపితే పచ్చి పేడ వాసన వస్తే అది కుండీలోకి పోయే వేళ ఇంకా కాలేదు.

మూడోది అందరూ ప్రేమతో చేసే పని, అందుకే చెప్పడానికి కాస్త సంకోచంగానే ఉంది: బియ్యం కడిగిన నీళ్ళు. పశువులున్న రోజుల్లో ఆ కడుగు కుడితి తొట్టిలోకి పోయేది. ఇప్పుడు పశువులు లేని ఇళ్ళలో అది మొక్కల పాలైంది. అందులో ఉన్నది ముఖ్యంగా పిండిపదార్థం. వేసవిలో, ఎండ తగిలే కుండీకి పది రోజులకోసారి పోస్తే హాని లేదు. ముసురులో, వసారాలో, రోజూ పోస్తే మట్టి పైపొర మీద జిగురు పట్టి, మర్నాటికి బూజు, వారానికి పుల్లని వాసన, ఆపైన చిన్న నల్ల దోమలు. టీ పొడి మడ్డి, అరటి తొక్క ముక్కలు, పులిసిన మజ్జిగ కూడా పైన వేసి వదిలేస్తే ఇదే వరస. నా కరివేపాకు కుండీలో బూజు లేచింది సరిగ్గా టీ పొడి వేసిన చోటనే. ఆ పిడికెడు తీసేసి, పై మట్టిని చిన్న గునపంతో గుల్ల చేసి, కుండీని గాలి తగిలే మెట్ల మీదికి మార్చాను. రెండు రోజులు చుక్క నీరు పోయలేదు. మూడో రోజుకు బూజు లేదు. మట్టి మారలేదు, మందు పోయలేదు, మొక్క ఈ రోజుకీ పులుసుల్లోకి ఆకు ఇస్తోంది.

బూజు కాని బూజులు

తెల్లగా కనిపించేదంతా శిలీంధ్రం కాదు. మట్టి కుండీ అంచుల మీద, కాండం చుట్టూ తెల్లగా, గరుకుగా, పెచ్చులా కట్టేది ఉప్పు. తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరు నీళ్ళు పోసేవారికీ, కడగని కొబ్బరి పొట్టు వాడేవారికీ ఇది తప్పదు. పచ్చి పొట్టులో పొటాషియం, సోడియం లవణాలు సహజంగానే ఎక్కువ. తేడా తెలుసుకోవడానికి ఒక నీటి బొట్టు చాలు. ఉప్పు మీద వేస్తే బొట్టు ఇంకి తెలుపు మాయమవుతుంది. బూజు మీద వేస్తే బొట్టు ముత్యంలా కాసేపు నిలుస్తుంది, ఎందుకంటే ఆ తంతువులు నీటిని అంటనివ్వవు. ఉప్పుకు మందు మంచి నీరే: కుండీ కింది చిల్లులోంచి ధారగా కారేదాకా రెండు మూడుసార్లు పోయాలి. వాన నీరు పట్టుకొని పోస్తే మరీ మంచిది.

పచ్చగా, నున్నగా, జారుడుగా మట్టి మీద పరుచుకునేది నాచు. దానికి కావలసింది వెలుగూ తడీ. మొక్కకు నేరుగా హాని చేయదు గాని, పైపొర ఎప్పుడూ ఆరడం లేదని చెప్పకనే చెబుతుంది.

వాన వెలిసిన ఉదయం కుండీలో పసుపుపచ్చని నురగ కక్కినట్టు కనిపిస్తే చాలామంది హడలిపోతారు. అది జిగురు బూజు. ఫ్యూలిగో సెప్టికా అనేది అందులో తరచుగా కనిపించేది. శాస్త్రజ్ఞులు దాన్ని శిలీంధ్రాలలో చేర్చరు, అమీబాల దగ్గరి చుట్టంగా లెక్కిస్తారు. బాక్టీరియాను తింటూ మెల్లగా పాకుతుంది, ఒకటి రెండు రోజులకు ఎండి గోధుమరంగు పొడిగా రాలిపోతుంది. పొడి కాకముందే చీపురుపుల్లతో ఎత్తి పారేస్తే సరి.

నిమ్మపండు రంగులో నాజూకైన చిన్న గొడుగులు గుంపుగా లేస్తే, అవి చాలావరకు లూకోకోప్రినస్ బిర్న్‌బామై అనే కుక్కగొడుగులు. కొబ్బరి పొట్టు కుండీలంటే వీటికి ప్రాణం. మొక్క వేరును ముట్టవు, కాని మనిషి తింటే వాంతులు, కడుపు నొప్పి తప్పవు. ఇంట్లో నడక నేర్చే పిల్లలుంటే కనపడ్డ వెంటనే తుంచి పారేయాలి. నేల అడుగున దారాలు మిగిలే ఉంటాయి కాబట్టి మళ్ళీ లేస్తాయి, మళ్ళీ తుంచాలి. వాన్లు పడగానే వరిగడ్డి వాముల దగ్గర పుట్టగొడుగులు ఏరుకు తినే అలవాటు మన ఊళ్ళలో ఉంది. ఆ నమ్మకంతో కుండీ గొడుగులను వంటింట్లోకి తేవద్దు.

మొదలు కొరికే బూజు

పిన్నిగారి మల్లెలో ఉన్నది వేరే సంగతి. అక్కడ బూజు మట్టి మీద విడిగా లేదు. కాండం మట్టిని తాకే చోట మొదలై, విసనకర్ర విప్పినట్టు తెల్లని పట్టుదారాలుగా కాండం మీదికీ మట్టి మీదికీ పరుచుకుంది. గోటితో కాండాన్ని గీరితే బెరడు తడి కాగితంలా ఊడి వచ్చింది, లోపల గోధుమరంగు. ఆ దారాల మధ్య చిన్న గుండ్రని గింజలు చెదురుగా ఉన్నాయి. కొన్ని తెల్లగా, కొన్ని తేనె రంగులో, కొన్ని ముదురు గోధుమరంగులో, అచ్చంగా ఆవగింజలే. నేను రెండు తీసి అరచేతిలో పెట్టి చూపిస్తే పిన్నిగారు పోపుల డబ్బాలోవి జారి పడ్డాయేమో అనుకున్నారు.

ఆ ఆవగింజలే గుర్తు. ఇది స్క్లెరోషియం రోల్ఫ్‌సై అనే శిలీంధ్రం. 1892లో అమెరికాలోని ఫ్లారిడాలో టమాటా మొక్కల మీద దీన్ని గుర్తించిన పీటర్ హెన్రీ రోల్ఫ్స్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. వేరుశనగ రైతులకు ఇది మొదలుకుళ్ళుగా పాత పరిచయం. వంగ, మిరప, టమాటా, మల్లె, చామంతి, లిల్లీ, ఇలా కొన్ని వందల జాతుల మొక్కలను ఇది పట్టగలదు. ముందుగా ఆమ్లాన్నీ ఎంజైములనూ వదిలి కాండపు కణాలను చంపి, ఆ చచ్చినదాన్ని తింటూ ముందుకు పోతుంది. మొదలు తెగిపోయాక వేర్లు ఎంత నీరు తాగినా పైకి ఎక్కదు. అందుకే మొక్క దాహంతో ఉన్నట్టు వాడుతుంది, మనం జాలిపడి ఇంకా నీళ్ళు పోస్తాం, ఆ తడికి బూజు ఇంకా బలుస్తుంది. ఆ గింజలు తిండి లేకుండా మట్టిలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. కాబట్టి పిన్నిగారు నా కుండీ గురించి చెప్పిన మాట ఆవిడ కుండీకి అక్షరాలా వర్తిస్తుంది: ఆ మొక్కనూ ఆ మట్టినీ తీసేయాలి. పెరటి కంపోస్టు గుంటలో వేయకూడదు, అరటి చెట్టు మొదట్లో పోయకూడదు. సంచిలో మూట కట్టి ఎండలో పడేయడమో, మొక్కను కాల్చేయడమో చేసి, కుండీని సబ్బునీళ్ళతో తోమి నాలుగు రోజులు ఎండనివ్వాలి.

నారు పోసేవారికి మరో గండం నారుకుళ్ళు. నిన్న సాయంత్రం నిటారుగా ఉన్న వంగ నారు, టమాటా నారు ఈ ఉదయం మొదట్లో నీరుగారి, దారంలా సన్నబడి, గుంపుగా పడిపోయి ఉంటాయి. పడిన నారు మధ్య తడి ఎక్కువైన రోజుల్లో పలుచని తెల్లని నూగు కనిపించవచ్చు, అసలు కనిపించకపోనూ వచ్చు. దీనికి ముఖ్య కారణం పితియం. చూపుకు శిలీంధ్రంలాగే ఉన్నా ఇది నిజమైన శిలీంధ్రం కాదు. నీటి నాచులకు దగ్గరి కుదురు. దీని సిద్ధబీజాలకు, అంటే విత్తనాల్లాంటి కణాలకు, తోకలుంటాయి, మట్టి రేణువుల మధ్య నిలిచిన నీటిలో ఈదుకుంటూ వేరును చేరతాయి. నీరు నిలవకపోతే దానికి దారి లేదు.

ఈ కుదురుతో గోదావరి డెల్టాకు నూరేళ్ళకు పైబడిన పరిచయం ఉంది. ఇక్కడి తాటిచెట్లను మొవ్వకుళ్ళు ఊళ్ళకు ఊళ్ళుగా చంపుతున్న రోజుల్లో, భారతదేశంలో మొక్కల తెగుళ్ళ శాస్త్రానికి పునాది వేసిన ఎడ్విన్ జాన్ బట్లర్ దాన్ని పరిశీలించి 1907లో దానికి కారణమైన జీవికి పితియం పాల్మివోరం అని పేరు పెట్టారు. తర్వాత అది ఫైటాఫ్తోరా పాల్మివోరా అయింది. నేటికీ వానాకాలంలో కొబ్బరి మొవ్వును కుళ్ళబెట్టేది అదే. చెట్టు తలలో నిలిచిన తడి దానికి ఎలా పనికొస్తుందో, కుండీ అడుగున నిలిచిన తడి దాని చుట్టాలకు అలాగే పనికొస్తుంది.

అడుగున నిలిచే నీరు

ఇక్కడ కాస్త ఆగి కుండీలో నీరు ఎలా నడుస్తుందో చూడాలి, ఎందుకంటే మన ఇళ్ళలో బలంగా నాటుకుపోయిన ఒక అలవాటు ఇందుకు విరుద్ధంగా ఉంది. కుండీ అడుగున రెండంగుళాల కంకరో, పెంకు ముక్కలో వేస్తే నీరు బాగా దిగిపోతుందని అందరం నమ్ముతాం. నేనూ ఏళ్ళ తరబడి వేశాను.

దండెం మీద ఆరేసిన తడి పంచెను తలచుకోండి. పైభాగం ముందు ఆరుతుంది. కింది అంచు మాత్రం చాలాసేపు నీరోడుతూ బరువుగా ఉంటుంది, చుక్కలు పడడం ఆగిపోయాక కూడా ఆ అంచును పిండితే నీళ్ళు వస్తాయి. నూలుపోగుల మధ్య సందులు నీటిని పట్టి ఉంచే బలం, భూమి కిందికి లాగే బలం ఆ అంచు దగ్గర సరితూగడమే కారణం. కుండీలో మట్టి కూడా అంతే. నీరు కారడం ఆగిన తరువాత కూడా అడుగున కొన్ని అంగుళాల మందాన మట్టి నీటితో నిండే ఉంటుంది. ఆ మందం కుండీ ఎత్తును బట్టి ఉండదు, మట్టి రేణువుల సన్నదనాన్ని బట్టి ఉంటుంది. రేగడి వంటి మెత్తని మట్టిలో అది చాలా ఎక్కువ, గరుకు మిశ్రమంలో తక్కువ. సన్నని మట్టిలోని నీరు పెద్ద సందులున్న కంకరలోకి తేలికగా దిగదు. పైనున్న మట్టి పూర్తిగా నానిన తరువాతే కిందికి జారుతుంది. అందువల్ల కంకర వేస్తే ఆ నీటి పొర పోదు, రెండంగుళాలు పైకి జరిగి వేళ్ళకు మరింత దగ్గరవుతుంది. చిల్లు మీద మట్టి జారిపోకుండా ఒక కొబ్బరి పీచు ముక్కో, దోమతెర ముక్కో పెడితే చాలు. మిగతా ఎత్తంతా మంచి మిశ్రమానికే వదలాలి. లోతు తక్కువ పళ్ళేల్లాంటి కుండీలలో బూజు ఎక్కువగా రావడానికి కూడా ఇదే కారణం: నీటి పొర అంతే మందంగా ఉంటుంది, దాని పైన ఆరే చోటు మిగలదు.

కాలువ గట్టు మీది నల్లమట్టిని తట్టతో తెచ్చి కుండీ నింపడం మన అలవాటు. ఆ మట్టి వరికి బంగారమే గాని కుండీకి బరువు. దానికి నాలుగు దోసిళ్ళ ఇసుక కలిపితే గుల్లబారుతుందనుకోవడం కూడా పొరపాటు. కొద్దిపాటి ఇసుక బంకమట్టిలో కలిసి, ఆరాక ఇటుకలా గట్టిపడుతుంది. దొరికితే గోదావరి లంకల మట్టి, అంటే ఇసుకా ఒండ్రూ కలిసినది, రెండు పాళ్ళు తీసుకొని, మాగిన ఎరువు ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, కాల్చిన ఊక ఒక పాలు కలపడం మా ఇంట్లో వానాకాలానికి బాగా కుదిరింది. ఊకకు డెల్టాలో కొదవ లేదు, ప్రతి ఊరికీ ఒక రైసుమిల్లు. పచ్చి ఊక కూడా సిలికా ఎక్కువ కాబట్టి మెల్లగానే కుళ్ళుతుంది. అయితే మిల్లు నుంచి నేరుగా తెచ్చినదానిలో నూకలు, తవుడు దుమ్ము కలిసి ఉంటాయి, బూజుకు అవి విందు. జల్లించో, నల్లగా కాల్చో వాడాలి. బూడిదయ్యేదాకా కాల్చకుండా, నల్లబారగానే నీళ్ళు చల్లి ఆర్పాలి.

కొబ్బరి పొట్టును వాడే ముందు మూడు నాలుగు నీళ్ళలో నానబెట్టి పిండాలి. ఎక్కువగా కావలసినవారు దాన్ని మాగబెట్టుకోవచ్చు: టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, కిలోన్నర ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం పొరలు పొరలుగా వేసి నెల రోజులు తడిగా ఉంచితే పొట్టు నల్లబడి, కర్బన నత్రజనుల నిష్పత్తి 24:1 దగ్గరికి దిగుతుంది. గమనించండి, ఈ పని చేసేది కూడా ఒక శిలీంధ్రమే. కుండీలో తినవలసినదాన్ని ముందే గుట్టలో తినేస్తుంది, కుండీలో బూజుకు పెద్దగా ఏమీ మిగలదు.

మందుల సంగతి

పురుగుమందుల దుకాణంలో "కుండీలో బూజు" అనగానే తరచుగా చేతికి వచ్చేది కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని. నా చేతికీ ఒకసారి అదే వచ్చింది. నారుకుళ్ళు పట్టిన టమాటా నారుకు పోశాను, నారంతా పోయింది. ఆ మందు నిజమైన శిలీంధ్రాల కణ విభజనను అడ్డుకుంటుంది; పితియం, ఫైటాఫ్తోరా కుదురు మీద అది పనిచేయదు. వాటికి రాగి మందులు పనికొస్తాయి: లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా పోయడం, లేదా మైలుతుత్తం, సున్నం కలిపి చేసే ఒక శాతం బోర్డో మిశ్రమం. 1885లో ఫ్రాన్సులో మిలార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ మిశ్రమాన్ని వెలుగులోకి తెచ్చింది ద్రాక్షను పీడించే బూజు తెగులు మీద. ఆ తెగులును కలిగించేది కూడా ఈ నీటి కుదురుదే. పడిపోయిన నారును ఏ మందూ లేపదు, పక్కదాన్ని కాపాడుతుందంతే. ఆకుకూరలు, కొత్తిమీర వేసిన కుండీలలో మాత్రం రసాయన మందు పోయడానికి నేను ఒప్పుకోను; ఆ మట్టి ఎండబెట్టి కొత్తగా వేసుకోవడం నయం.

కార్బెండజిమ్ చేసే మరో చేటు, అది మేలు చేసే ట్రైకోడెర్మాను కూడా చంపుతుంది. ట్రైకోడెర్మా స్వయంగా ఒక బూజు. మొదట తెల్లగా, తరువాత ఆకుపచ్చగా మారుతుంది. ఇతర శిలీంధ్రాల తంతువులను చుట్టుకొని, వాటి గోడలను కరిగించి తింటుంది. కోనసీమ రైతులు కొబ్బరిలో గానోడెర్మా తెగులుకు వేపపిండితో కలిపి పాదుల్లో వేసేది దీన్నే. కుండీలకు కావాలంటే 100 గ్రాముల ట్రైకోడెర్మా విరిడిని కిలో వేపపిండి, తొమ్మిది కిలోల మాగిన పశువుల ఎరువుతో కలిపి, చెమ్మ పట్టేంత తడిపి, గోనె కప్పి నీడలో వారం పది రోజులు ఉంచాలి. ఎరువు మీద తెల్లగా, పచ్చగా పొర కడుతుంది. ఒక బంధువు ఇంట్లో ఈ పొర చూసి ఎరువు బూజు పట్టి పాడైందని మొత్తం కాలువలో పోశారు. ఆ పొర కోసమే పది రోజులు ఎదురు చూసేది. దీన్ని తెగులు రాకముందు, కుండీ నింపేటప్పుడే కలపాలి. మొదలు కుళ్ళిన మొక్కకు వేసి బతకలేదని నిందించడం న్యాయం కాదు.

వంటింటి చిట్కాలలో దాల్చినచెక్క పొడి పైపొర బూజును కొంత అణుస్తుంది, కారణాన్ని ముట్టదు. పొయ్యి బూడిద చిటికెడు చల్లితే తడి పీలుస్తుంది, గుప్పెళ్ళతో వేస్తే మట్టికి క్షారగుణం పెరిగి మల్లె, గన్నేరుల కంటే ముందు మందారం ఆకులు పసుపెక్కుతాయి. వంటసోడా వద్దు, అందులోని సోడియం మట్టిలోనే ఉండిపోతుంది, మన ఉప్పు నీళ్ళకు అది మరో భారం. బ్లీచింగ్ పౌడరు ఖాళీ కుండీ కడగడానికి సరే, మొక్క ఉన్న మట్టికి కాదు.

చిన్న నల్ల దోమల గురించి ఒక మాట. అవి కుట్టవు. వాటి పిల్లపురుగులు మట్టిలోని బూజునూ లేత వేళ్ళనూ తింటాయి. పైన రెండంగుళాల మట్టి ఆరితే అవి బతకలేవు. కుండీ కింది పళ్ళెంలో నీరు పారబోసి, కుండీని రెండు ఇటుక ముక్కల మీద ఎత్తి పెడితే సగం పని అయిపోతుంది. నీరు పోయడానికి రోజులు లెక్కపెట్టకుండా, రెండో కణుపు దాకా వేలు గుచ్చి పొడిగా తగిలినప్పుడే పోయాలి. ముసురులో వసారా కుండీకి వారం రోజులు నీరు అక్కరలేకపోవడం మామూలే.

మనిషికి భయమా?

2021లో కోవిడ్ రెండో విడతలో "బ్లాక్ ఫంగస్" పేరు విన్నప్పటి నుంచి కుండీలో నల్లని బూజు చుక్క చూసినా కొందరు దడుచుకుంటున్నారు. ఆ భయాన్ని తీసిపారేయలేను, ఎందుకంటే ఆ జబ్బు ఇళ్ళను కూల్చింది. ఆ జబ్బును కలిగించేవి మ్యూకరేల్స్ అనే వర్గపు శిలీంధ్రాలు. అవి మట్టిలో, ఎరువులో, కుళ్ళిన పండ్లలో ఎప్పుడూ ఉండేవే. ఆ పేరులోని నలుపు, చచ్చిన కణజాలం రంగు. కుండీలో నల్లగా కనిపించే బూజుకు దానితో సంబంధం ఉండాలని లేదు. అదుపు తప్పిన చక్కెర వ్యాధి, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లు, బలహీనపడిన రోగనిరోధక శక్తి ఉన్నవారినే అది ఎక్కువగా పట్టింది. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులు రోజూ ఎన్నో సిద్ధబీజాలను ఎదుర్కొని గెంటేస్తూనే ఉంటాయి.

అయినా జాగ్రత్త పడవలసినవారు ఉన్నారు. ఉబ్బసం ఉన్నవారికి బూజు పొడి పడదు. చక్కెర అదుపులో లేనివారు, కేన్సరు చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు కుండీలు మార్చే పని ఇంట్లో మరొకరికి అప్పగించడం మంచిది, వారు పడుకునే గదిలో కుండీలు ఉంచకూడదు. మిగిలినవారు కూడా ఎండిన పొట్టు బస్తా విప్పేటప్పుడు ముఖం దగ్గర పెట్టి దులపకుండా, ముందు నీళ్ళు చిలకరించి, మాస్కు కట్టుకొని, ఆరుబయట విప్పాలి. చేతికి గాయం ఉంటే తొడుగు వేసుకోవాలి.

రోహిణి ఎండ

పాత కుండీ మట్టిని ఏటా పారబోయనక్కరలేదు. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసే రోజుల్లోనే ఆ మట్టిని బాగు చేసుకునే వీలు ఉంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండనే పనికి పెట్టాలి. పాత మట్టిలోని వేళ్ళు ఏరేసి, పిడికిట పడితే ముద్ద కట్టేంత తడిపి, డాబా మీద ఆరంగుళాలు మించకుండా పరిచి, పైన పారదర్శకమైన పలుచని పాలిథిన్ కాగితం కప్పి అంచులు ఇసుకతో మూసేయాలి. నల్ల కాగితం వద్దు. అది వేడిని తానే తాగేస్తుంది, పారదర్శకమైనది ఎండను మట్టిదాకా పోనిస్తుంది. తడి ఉండాలి, ఎందుకంటే పొడి మట్టిలో నిద్రపోతున్న బీజాలు వేడిని ఓర్చుకుంటాయి, తడికి మేల్కొన్నవి ఓర్చుకోలేవు. ఏప్రిల్ చివర మొదలుపెట్టి నాలుగు నుంచి ఆరు వారాలు కదపకుండా ఉంచితే చాలా తెగులు బీజాలు, కలుపు గింజలు నశిస్తాయి. మేలు చేసే జీవులు కూడా కొంత పోతాయి కాబట్టి, కాగితం తీసిన తరువాత ఆ మట్టిలో ట్రైకోడెర్మా మాగబెట్టిన ఎరువు కలపాలి.

పిన్నిగారు ఈ ఏడు మృగశిర రాకముందే అలా మగ్గిన మట్టితో నాలుగు కుండీలు నింపి, కొత్త మల్లె అంటు నాటారు. నాటేటప్పుడు కాండం చుట్టూ మట్టి గుట్టలా ఎగదోయకుండా, అంటు కవరులో ఏ మట్టం దాకా ఉందో అంతవరకే పూడ్చారు. మొన్న ముసురులో ఆ కుండీ మీద మళ్ళీ తెల్లని నూగు వచ్చింది. ఆవిడ నన్ను పిలవలేదు. ఆకులు పక్కకు తొలగించి మొదలు చూశారు, గోటితో గీరారు, లోపల పచ్చగా ఉంది. ఆవగింజలు లేవు. కుండీని మెట్ల మీదికి జరిపి లోపలికి వెళ్ళిపోయారు.